గోడ అవతల చూసే మేడమ్

మొన్న మంగళవారం పొద్దున మా ల్యాబ్ వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మేడమ్ ఫొటో కనబడింది. దాని కింద దండం పెడుతున్న చేతుల బొమ్మలు వరసగా ఉన్నాయి. ఫొటో ఏదో సన్మానంలో తీసింది. మెడలో దండ, మొహంలో చిరాకు. ఆవిడకు సన్మానాలంటే పడేది కాదు. దండ వేసినవాడు కెమెరా వైపు తిరగమని ఉంటాడు, అందుకే ఆ మొహం. నేను టీ గ్లాసు కింద పెట్టి ఆ చిరాకునే చూస్తూ కూర్చున్నాను. మేడమ్ పోయారని అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది.

మెచ్చుకోవడంలో నేను పరమ పిసినారిని. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో గాజు పలకల మీద కణాలు చూస్తూ తల నెరిపించుకున్నదాన్ని. చాలామంది డాక్టర్లను దగ్గర్నుంచి చూశాను. దగ్గర్నుంచి చూస్తే ఎవరూ అంత గొప్పగా కనబడరు. మేడమ్ ఒక్కరే నాకు ఏడాదికేడాది ఇంకాస్త పెద్దగా కనబడుతూ వచ్చారు. బతికుండగా ఈ మాట అంటే ‘పని చూడమ్మా’ అని మొహం తిప్పుకునేవారు కాబట్టి అనలేదు.

ఆవిడ ఊపిరితిత్తుల డాక్టరు. ఆవిడ చేసే పరీక్ష గురించి తెలియనివాళ్ళకు నేను ఇలా చెబుతుంటాను. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ ఉంది కదా, ఇదీ అదే. కాకపోతే అది పొట్ట మీద పెట్టి చూస్తారు, ఇది గొంతులోంచి లోపలికి దిగి చూస్తుంది. చిటికెనవేలి కన్నా సన్నటి గొట్టం, దాని కొసన కెమెరా, ఆ పక్కనే చిన్న స్కానింగ్ యంత్రం. దాన్ని నోట్లోంచి శ్వాసనాళంలోకి దింపి గోడకు ఆనిస్తే, గోడ అవతల ఉన్నది తెరమీద బూడిదరంగులో కనిపిస్తుంది. అవతల లింఫ్ గడ్డలు ఉంటాయి. టీబీ వచ్చినా, క్యాన్సర్ వచ్చినా, నోరు తిరగని పేరున్న ఇంకేదో జబ్బు వచ్చినా అవి ఉబ్బుతాయి. ఉబ్బాయని సీటీ స్కాన్ చెబుతుంది గానీ ఎందుకు ఉబ్బాయో చెప్పలేదు. అది తెలియాలంటే వాటిలోంచి చిటికెడు బయటికి తీయాలి. ఒకప్పుడు దానికోసం మెడ కింద కోసేవారు. మేడమ్ ఆ గొట్టంలోంచే సన్నటి సూది పంపి, గోడలోంచి గుచ్చి, సూదిమొన ఎక్కడుందో తెరమీద చూసుకుంటూ తీసేవారు. పారే రక్తానికి యంత్రం రంగు వేస్తుంది కాబట్టి, పక్కనే పెద్ద రక్తనాళాలు తెరమీద ఎర్రగా, నీలంగా మెరుస్తుంటాయి. సూదికీ వాటికీ మధ్య ఒక్కోసారి బియ్యపుగింజంత జాగా ఉండేది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నాకు ఊపిరి ఆడేది కాదు. మేడమ్ భుజం మాత్రం కదిలేది కాదు.

లోపల అంత దారి తెలిసిన మనిషికి బయట దారి తెలిసేది కాదు. తండ్రి మిషన్ స్కూలు టీచరు, గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఆవిడ చిన్నప్పటి నుంచి రాంగోపాల్‌పేట్‌లోనే ఉన్నారు. అయినా పక్కనే ఉన్న మోండా మార్కెట్‌లో ఒక సందులో దూరితే ఇంకెక్కడో తేలేవారు. ఒకసారి అలా తిరిగి తిరిగి మా అన్న దుకాణం ముందు తేలారు. మా అన్నది అక్కడ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ వ్యాపారం. బయటికి దారి ఎటు బాబూ అని అడిగితే, మెడలో ఆసుపత్రి కార్డు చూసి, అన్న వెంట వెళ్ళి ఆటో ఎక్కించి వచ్చాడు. ఆ రాత్రి అన్నం తింటూ ఒకటే నవ్వు. "గీ నాలుగు సందులే తెల్వయి మీ మేడమ్‌కు. మనిషి లోపట గొట్టం ఎట్ల తిప్పుతదే?" అన్నాడు. మర్నాటికల్లా ఆ కథ మార్కెట్ అంతా తెలుసు. మా అన్న నోట్లో నువ్వుగింజ నానదు.

ఈ మాట నేను మేడమ్‌కు చేరవేస్తే, లోపల దారులు దేవుడు వేసినవి, మార్కెట్ దారులు మనుషులు వేసినవి అని తేల్చేశారు.

గదిలోకి వచ్చిన మనిషిని మొదట కూర్చోబెట్టి, వీపు మీద అరచేయి ఆనించేవారు. వాళ్ళు ఊపిరి తీస్తుంటే తనూ వాళ్ళతో పాటు నాలుగైదుసార్లు తీసేవారు. దానివల్ల జబ్బు గురించి ఏం తెలుస్తుందని ఒక కుర్ర డాక్టరు అడిగాడు. జబ్బు గురించి ఏమీ తెలియదనీ, ఎంత భయపడుతున్నారో తెలుస్తుందనీ జవాబు. మత్తు ఇచ్చాక కూడా మాట్లాడటం మానేవారు కాదు. ఇప్పుడు గొంతు దాటామనీ, ఇక్కడ దారి రెండుగా చీలుతుందనీ, కుడివైపు వెళ్తున్నామనీ, దగ్గొస్తే దగ్గమనీ చెప్పుకుంటూ పోయేవారు. ఒకళ్ళ ఇంట్లోకి వెళ్తూ చెప్పకుండా వెళ్తామా అనేది ఆవిడ వాదన. ఎవరైనా "నెక్స్ట్ కేసు" అన్నారా, అయిపోయారే. పేరు, ఊరు, ఏం పని చేసుకుంటారో చెప్పేదాకా గొట్టం ముట్టుకునేవారు కాదు.

నా చోటు గది మూలన, మైక్రోస్కోపు ముందు. సూదిలోంచి వచ్చిన చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, పనికొచ్చే కణాలు వచ్చాయో ఉత్త రక్తమే వచ్చిందో అక్కడికక్కడే చెప్పడం నా పని. జబ్బేమిటో తేల్చడం పై అంతస్తులో పెథాలజీ డాక్టర్ల పని, నేను అందులో వేలు పెట్టకూడదు. మనిషి నోట్లో గొట్టం ఉండగానే నేను చెప్పాలి. చాలంటే గొట్టం తీసేస్తారు, చాలదంటే మళ్ళీ గుచ్చుతారు. పెద్ద డాక్టరు చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే ‘చాలదు’ అనడానికి ఎవరికైనా నోరు రాదు. దానికి మేడమ్ ఒక ఉపాయం పెట్టారు. ఆవిడ కోటు జేబులో ఎప్పుడూ పల్లీపట్టి ఉండేది. చాలదన్నవాళ్ళకు ఆ రోజు పని అయ్యాక ఒక ముక్క. చాలన్నవాళ్ళకు ఏమీ లేదు. నా పళ్ళు పుచ్చిపోయేంతగా తిన్నాను. ఒకటి రెండు గుచ్చులకు ఒప్పుకున్న పాపాన ఎప్పుడూ పోలేదు. వెనకాల నన్ను ‘చాలదమ్మ’ అంటారని తెలుసు, లోలోపల దానికి గర్వం కూడా ఉండేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడ దగ్గర ఒక పొడవాటి నోటుపుస్తకం ఉండేది. అందులో తన తప్పులు రాసుకునేవారు. రాసి ఊరుకుంటే సరే, వారం పది రోజుల్లో ఆ మనిషిని పిలిచి చెప్పేవారు కూడా. ఒక కూరగాయలమ్మకు పెదవి చిట్లింది. ఆమెను పిలిచి, గొట్టం నేనే తొందరపడి దింపాను, నా తప్పు అని చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. "పోనీ తియ్ బిడ్డా" అని ఆ ముసలామె మేడమ్ తలమీద చెయ్యి పెట్టింది. ఆసుపత్రి పెద్దలకు ఇదంతా గుండెల్లో రాయి. ఎవరో ఒకరు కోర్టుకెక్కుతారని మొత్తుకునేవారు. ఆవిడ విన్నట్టే ఉండి మళ్ళీ పిలిచేవారు. అడిగితే తప్పు ఒప్పుకునేవాళ్ళను చూశాను గానీ, ఎవరూ అడగకముందే పిలిచి చెప్పేవాళ్ళను ఈవిడ తప్ప ఇంకెవర్నీ చూడలేదు. 

ఆ గది బయట వరండాలో ఒక వింత మొక్కు నడుస్తుంది. జబ్బు రాకుండా చూడమని అక్కడ ఎవరూ మొక్కరు, ఆ దశ దాటిపోయాకే అక్కడికి వస్తారు. టీబీ అయితే చాలు దేవుడా అని మొక్కుతారు. పక్కింట్లో ఎవరికో టీబీ అంటే మంచినీళ్ళ గ్లాసు వేరుగా పెట్టే మనుషులే, ఇక్కడ అదే టీబీ కోసం అమ్మవారికి బోనం ఒప్పుకుంటారు, దర్గాలో చాదర్ ఒప్పుకుంటారు, బైబిల్ గుండెలకు ఆనించుకుని కళ్ళు మూసుకుంటారు. టీబీ అని తేలాక మిఠాయి పెట్టెతో లోపలికి వచ్చినవాళ్ళున్నారు. మేడమ్ ఆ పెట్టె తీసుకుని అందరికీ పంచేవారు. దాని మీద ఎవరు జోకు వేసినా ఊరుకునేవారు కాదు.

మా అన్నకు దగ్గు మొదలైన ఏడాది మేము కూడా ఆ వరండాలోనే కూర్చున్నాం.

బోయిగూడలో అన్నా వదినా పిల్లలతో పాటు నేనూ ఉంటాను. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ ఉల్లిగడ్డల దుకాణమే. అన్న దగ్గును మొదట బస్తాల దుమ్ము మీదికి నెట్టేశాం. తర్వాత సాయంత్రాలు జ్వరం వచ్చింది, ప్యాంటు నడుము దగ్గర వదులైంది. సీటీ తీస్తే గుండె వెనకాల గడ్డలన్నారు. దగ్గర్లో ఒక డాక్టరు టీబీ మందులు మొదలుపెడదామన్నారు. మన దగ్గర ఉబ్బిన గడ్డకు మొదట తట్టే పేరు అదే. వదిన ఆ మందుల చీటీని దేవుడి పటం ముందు పెట్టింది. నేను దాన్ని తీసుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను, సరే మొదలుపెట్టండి అంటారన్న ఆశతో.

చీటీ చదివి మడిచి నా చేతిలో పెట్టారు. "ఊహించి ఇవ్వొద్దు. చూసి ఇద్దాం" అన్నారు.

పరీక్ష రోజున ల్యాబులో నాతో పాటు చేసే అమ్మాయి సెలవులో ఉంది. మైక్రోస్కోపు ముందు కూర్చోవడానికి నేను తప్ప మనిషి లేదు. ఉండగలవా, రేపటికి వాయిదా వేయనా అని మేడమ్ అడిగారు. ఉంటానన్నాను. ఇంకొకళ్ళ చేతికి మా అన్న పలక ఇవ్వడం నాకు ఇష్టం లేదు. చాలదమ్మ మీద ఆవిడకూ నమ్మకమే.

మేడమ్ అన్న వీపు మీద చేయి పెట్టి ఊపిరి తీశారు. ఆ రోజు నన్ను మార్కెట్లోంచి బయట పడేశారు, ఇవాళ మిమ్మల్ని నేను బయట పడేస్తాను అన్నారు. అన్న నవ్వబోయి దగ్గాడు.

మొదటి గుచ్చు, దారి చీలేచోట కింద ఉన్న పెద్ద గడ్డలోకి. పలక పరిచాను, రంగు వేశాను, చూశాను. టీబీలో కనబడే కణాల గుంపులు. ఎంత సంతోషం వేసిందంటే నాకు మైక్రోస్కోపు మసకబారింది. కళ్ళు తుడుచుకుని పలకను ఎడమకు జరిపాను. ఆ కొసన ఒక పెద్ద కణం ఉంది. చుట్టుపక్కల వాటికి నాలుగింతలు. దాని లోపల రెండు నల్లటి బొట్లు, గుడ్లగూబ కళ్ళలా. అలాంటిది అంతకుముందు నేను చూశాను. అది ఏ జబ్బులో వస్తుందో నాకు తెలుసు.

పలకను వెనక్కి జరిపేశాను.

"టీబీ లాగనే ఉన్నది మేడమ్," అన్నాను. "చాలు."

ఆ రెండు మాటలూ నేను అనకూడనివే. జబ్బు పేరెత్తడం నా పని కాదు. చాలు అనే మాట, అదీ మొదటి గుచ్చుకే, ఆ గదిలో నా నోట ఎవరూ విని ఉండలేదు. మేడమ్ తెరమీంచి చూపు తీసి నా వైపు చూశారు. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపించాయి.  సిస్టర్‌ను కొంచెం లావు సూది ఇవ్వమన్నారు. మత్తులో ఉన్న మా అన్న వైపు వంగి, "ఇంకాసేపు ఓపిక పట్టాలండీ. మీ చెల్లి ఇక్కడే ఉంది" అన్నారు. ఆ గడ్డలోంచి ఇంకో మూడుసార్లు తీశారు. కుడిపక్క మరో గడ్డలోంచి మూడుసార్లు. అవి నన్ను చూడమనలేదు. తిన్నగా పై అంతస్తుకు పంపించారు.

అన్నను వార్డుకు తీసుకెళ్ళాక, చేతులు కడుక్కునే చోట మేడమ్ నా పక్కన నిలబడ్డారు. నేను లేచాక నా మైక్రోస్కోపు ముందు ఆవిడ కూర్చున్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

"మొదటి పలక చూశాను," అన్నారు. "ఎడమ కొసన ఉన్నదాన్ని నువ్వు చూశావా?"

లేదనడానికి వీలుంది. చిన్న కణం, పెద్ద పలక, ఎవరైనా నమ్ముతారు.

"చూసిన మేడమ్."

ఆవిడ కొళాయి కట్టేశారు. తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఉద్యోగం పోయినా న్యాయమే అనుకున్నాను.

"అన్న పలక ముందు చెల్లెల్ని కూర్చోబెట్టాను. అది నా తప్పు," అన్నారు. "నీది మీ అన్నకు నువ్వే చెప్పుకో. తొందరేం లేదు."

చేతులు తుడుచుకుని వెళ్ళి, నోటుపుస్తకం తీసి నిలబడే ఏదో రాశారు. అంతే. ఆ తర్వాతి సోమవారం మళ్ళీ అదే స్టూలు మీద నన్నే కూర్చోబెట్టారు. మొదటి చుక్క పలక మీద పెట్టి ఎప్పటిలాగే నా మాట కోసం ఆగారు. ఆ మాట మీద ఆధారపడి ఒక మనిషి నోట్లో గొట్టంతో పడుకుని ఉన్నాడు. నన్ను ఇంకా నమ్ముతున్నారని తెలిసి, పలకను ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చూశాను. అంతకుముందు ఆవిడ పనితనానికి ఆశ్చర్యపోయేదాన్ని. ఆ సోమవారం నుంచి ఆ మనిషిని చూస్తేనే ఒకలాంటి భయం, భక్తి కలిసి వచ్చేవి.

రిపోర్టు పది రోజులకు వచ్చింది. లింఫ్ గడ్డల క్యాన్సర్. మేడమ్ వరండాలోకి వచ్చి వదిన పక్కన బల్ల మీద కూర్చున్నారు. టీబీ కాదనీ, క్యాన్సరేననీ, అయితే మందుకు లొంగే రకమనీ, పెరగకముందే దొరికిందనీ ఒక్కొక్కటే చెప్పారు. వదిన ఏడుస్తూ, టీబీ అయినా బాగుండు గదమ్మా అంది. అవునమ్మా, బాగుండేది అన్నారు మేడమ్. తర్వాత అన్నతో మందుల సంగతి మాట్లాడాలని, వదినకు టీ తాగించి తీసుకురమ్మని నన్ను పంపేశారు. మేము వచ్చేసరికి ఇద్దరూ ఇంకా లోపలే ఉన్నారు.

ఆరు నెలలు మందు ఎక్కించారు. జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది, కొంచెం ఉంగరాలు తిరిగి వచ్చిందని అన్న మురిసిపోయాడు. ఇప్పుడు బస్తా ఎత్తి బండిలో వేస్తాడు, గిరాకీతో గొంతు చించుకుని బేరమాడతాడు. ఆ రోజు నా మాట చెల్లి ఉంటే, నెలల తరబడి టీబీ మాత్రలు మింగుతూ ఎందుకు తగ్గట్లేదా అని మేము చూస్తూ ఉండేవాళ్ళం. లోపల అది పెరుగుతూ ఉండేది.

అన్నకు నేను చెప్పలేదు. ప్రతి ఏడూ రాఖీ కట్టేటప్పుడు నోటిదాకా వచ్చేది. నేను చెబితే ఏమంటాడు? నన్ను చదివించిన మనిషి. ఆ చదువుతోనే నేను వాడి చావును చూసి పక్కకు జరిపాను. తెలిస్తే నా చేత్తో రాఖీ కట్టించుకుంటాడా అని భయం. మేడమ్ రిటైరయ్యేదాకా ఒక్కరోజు కూడా చెప్పావా అని అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని కొన్నిసార్లు కోపం కూడా వచ్చింది.

బుధవారం చర్చిలో ప్రార్థన జరిగింది. అన్న దుకాణం మూసి వచ్చాడు. చివరి వరసలో, అందరూ లేచినప్పుడల్లా లేస్తూ, పాట రాకపోయినా పెదాలు కదుపుతూ నిలబడ్డాడు. సమాధుల తోటలో మట్టి వేసే వరసలో నా ముందు అన్నే ఉన్నాడు. గుప్పెడు మట్టి వేసి పక్కకు జరగకుండా అక్కడే ఆగిపోయాడు. వెనకవాళ్ళు కదలమనేదాకా ఆగాడు.

బయట గేటు దగ్గర అన్న బండి తాళం తీస్తుంటే నేను ఇక ఆగలేకపోయాను. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసిపోయింది.

"అన్నా, నీ పరీక్ష నాడు నేను చాలన్న," అన్నాను. "అండ్ల క్యాన్సర్ కణం కనవడ్డది. చూసి పక్కకు జరిపిన. టీబీ అని చెప్పిన. మేడమ్ ఇనలే, గందుకే బతికినవ్."

అన్న తాళంచెవి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. నా మొహం వైపు చూడలేదు.

"ఎరుకే," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అన్న మెల్లగా చెప్పాడు. రిపోర్టు వచ్చిన రోజు, మమ్మల్ని టీకి పంపి, మేడమ్ మొదట చెప్పింది మందుల సంగతి కాదట. మీ చెల్లెల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టడం నా తప్పు, నన్ను క్షమించండి అన్నారట. తన తప్పు దాచుకోవడం ఆవిడకు చేతకాదు. నా మాట చెప్పకుండా ఆ తప్పు చెప్పడం కుదరదు. అందుకని అంతా చెప్పి, ఆ తర్వాత అన్న దగ్గర ఒక మాట తీసుకున్నారు.

"నువ్వు నీ నోటితోటి చెప్పేదాక అడగొద్దన్నది. నీకు ఎరుకైనట్టు సుత ఉండొద్దన్నది. బైబిల్ మీద కాదు, నా పిల్లల మీద ఒట్టు ఏపించుకున్నది," అన్నాడు అన్న. అప్పుడు నా వైపు చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఆరేండ్లాయె చెల్లె. ఇగ చెప్పవేమో అనుకున్న."